ఎనభై దాటిన మా అత్తకు గడ్డ కరిగించే ఇంజెక్షన్

ఆ ఉదయం మా వీధికి కొళాయి నీళ్లు వచ్చినప్పుడు మా అత్త బాగానే ఉంది. నేను బిందెలు నింపుతుంటే గడపలో కూర్చుని, "ఆ డ్రమ్ము మూత సరిగా ముయ్యి, దోమలు పడతాయి" అని రెండుసార్లు చెప్పింది. మాట స్పష్టంగా ఉంది, మొహం ఎప్పటిలాగే ఉంది. ఇది నాకింత బాగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ తర్వాత ఆసుపత్రిలో అందరూ మమ్మల్ని మొదట అడిగింది ఇదే: "చివరిసారి ఆమె బాగుండగా ఎప్పుడు చూశారు?"

మాది ఎమ్మిగనూరు. మగ్గం ఉన్న ఇల్లు. మా అత్త పేరు ఈరమ్మ. వయసు ఎనభై దాటింది, ఎంత దాటిందో ఆమెకే తెలియదు. మా మామ పోయి చాలా కాలమైంది. ఆమె కళ్లు ఇంకా బాగానే కనిపిస్తాయి కాబట్టి పొద్దున పూట రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టి ఇచ్చేది, నేను మగ్గం నేసేదాన్ని. మా ఆయన రామాంజి ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. పత్తి సీజన్‌లో వారానికి ఒకసారి ఇంటికొస్తే గొప్ప. పెళ్లయి వచ్చినప్పటి నుంచి పగలంతా ఇంట్లో ఉండేది అత్తా, నేనే. నాది గూడూరు. ఆమె పుట్టింది సిరుగుప్ప దగ్గర ఒక పల్లెలో, కన్నడం మాట్లాడే ఇంట్లో. కానీ మా ఇంట్లో ఆమె నోట కన్నడం నేను ఏనాడూ వినలేదు.

నీళ్లు పట్టడం అయిపోయి టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెడుతుంటే రాట్నం చప్పుడు ఆగిపోయింది. నూలు తెగిందేమో, అతుకుతోందేమో అనుకున్నాను. ఎంతసేపటికీ మళ్లీ మొదలు కాలేదు. వెళ్లి చూస్తే అత్త గోడకు ఒరిగిపోయి ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. కుడివైపు పెదవి కిందికి జారి చొంగ కారుతోంది. "అత్తా" అన్నాను. నా వైపు చూసింది. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. "బ... బ..." అనే శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఆమె కళ్లలో ఉన్న భయం నాకూ అంటుకుంది.

నా కేక విని ఇరుగుపొరుగు వచ్చారు. ఒకామె గాలి సోకిందంది. ఇంకొకామె పావురం రక్తం తెచ్చి రుద్దమంది. మరొకాయన పసరు పోసే ఊరు పేరు చెప్పి, అక్కడికి మోసుకెళ్లిన వాళ్లు నడుచుకుంటూ వచ్చారని అన్నాడు. ఎవరో గ్లాసుతో నీళ్లు పట్టారు, అవి నోటి పక్కనుంచి కారిపోయాయి. నాకు ఏం చేయాలో తెలియలేదు. స్ట్రోక్‌కు ఒక ఇంజెక్షన్ ఉందని, దానికి టైమ్ ఉంటుందని అప్పటికి నేను విని ఉండలేదు. రామాంజి ఆదోనిలో ఉన్నాడు, అందుకే ఆదోనికి పోవాలనిపించింది. అంతే. పక్కింటి ఖాజా అన్న కారు బాడుగకు తిప్పుతాడు. ఆయన ఎవరినీ అడగకుండానే అత్తను ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాడు.

దారిలో పత్తి వేసుకుని ఆదోని మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. పక్కకు తప్పుకోవడానికి వాటికి చోటు లేదు, మాకు దాటే వీలు లేదు. ఖాజా అన్న హారన్ మీద చెయ్యి తీయలేదు. నేను అత్త తల ఒళ్లో పెట్టుకుని "అత్తా, నన్ను సూడు, నిద్రపోవద్దు" అంటూనే ఉన్నాను. ఆమె ఎడమ చెయ్యి మాత్రం నా చీర కుచ్చిళ్లను గట్టిగా పట్టుకుంది.

దారిలోంచే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి ఆసుపత్రి గేటు దగ్గరే రామాంజి నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా దూదే. లోపల డ్యూటీలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. అత్తను చూసిన వెంటనే "స్ట్రోక్ లాగా ఉంది" అని, నర్సుతో షుగర్ చూడమని చెప్పి, నన్ను అడిగింది: "చివరిసారి బాగుండగా ఎప్పుడు చూశారమ్మా?"

"కొళాయి నీళ్లు వచ్చినప్పుడు బాగుండె మేడమ్. నాతో మాట్లాడింది గూడా."

"ఎన్ని గంటలకు వస్తాయి?"

"ఏడున్నరకు. మా వీధిలో ఎవర్నడిగినా సెప్తారు."

ఆమె గోడ గడియారం వైపు చూసి, మా అత్తను వెంటనే సీటీ స్కాన్‌కు పంపింది. స్కాన్ ఫిల్మ్ రాకముందే తన ఫోన్‌లో ఎవరో న్యూరాలజిస్టుతో మాట్లాడుతోంది. తర్వాత మమ్మల్ని పిలిచింది. నేను, రామాంజి, అప్పుడే వచ్చిన మా వదిన పద్మావతి లోపలికి వెళ్లాం. వదిన అంటే రామాంజి అక్క. ఆదోనిలోనే కాపురం.

"స్కాన్‌లో రక్తస్రావం కనబడలేదు," అంది డాక్టరమ్మ. "అంటే మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. ఇస్కిమిక్ స్ట్రోక్ అంటాం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, థ్రాంబోలిసిస్ అని. మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. మనకు ఇంకా టైమ్ ఉంది, కానీ ఎక్కువ లేదు. ఆమె బీపీ చాలా ఎక్కువగా ఉంది, ముందు దాన్ని దించుతున్నాం. ఈ లోపల మీరు ఒప్పుకుంటారా లేదా చెప్పాలి."

"ఇస్తే బాగైపోతుందా మేడమ్?" అన్నాడు రామాంజి.

"అలా మాట ఇవ్వలేను. కొందరు బాగా కోలుకుంటారు. కొందరికి ఈ మందు వల్లే మెదడులో రక్తస్రావం అవుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. వయసు ఎక్కువైతే ఆ భయం ఎక్కువ, దాచను. కానీ ఈ వయసులో మందు ఇవ్వకుండా వదిలేస్తే జరిగే నష్టమూ ఎక్కువే. కుడి చెయ్యి, కాలు, మాట, మింగడం, ఏవి తిరిగి వస్తాయో చెప్పలేం."

మా వదిన వెంటనే వద్దంది. "ముసలి పానానికి ఇంత పెద్ద సూది యాడ తట్టుకుంటాది? వద్దు రామాంజీ. ఇంటికి పిల్సకపోదాం. ఉన్నన్ని దినాలు ఉంటాది. పసరు పోపిద్దాం."

రామాంజి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఒప్పుకోలు కాగితం, పెన్ను చేతికిస్తే పట్టుకున్నాడు గానీ సంతకం పెట్టలేదు. తర్వాత నా వైపు తిరిగి, "రోజూ ఆమెతో ఉండేది నువ్వు. నువ్వే సెప్పు" అన్నాడు.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి మంచం పట్టినప్పుడు కూడా అత్త నన్ను స్నానం చేయించనివ్వలేదు. గోడ పట్టుకుని తనే పోయింది. అలాంటి మనిషిని ఒక వైపంతా చచ్చుబడి, మాట లేకుండా, మంచం మీద తిప్పుకుంటూ ఉండడం నేను ఊహించుకోలేకపోయాను.

"ఇయ్యమను" అన్నాను రామాంజితో.

"ఏమన్నా అయిందంటే నీ మీదే," అంది వదిన.

"ఔ వదినా. నా మీదే."

రామాంజి సంతకం పెట్టాడు. వదిన బయటికి వెళ్లిపోయింది.

చిన్న సిరంజితో మందు ఒక్కసారే ఎక్కించారు. ఇంత గొడవ దీని కోసమా అనిపించింది. నర్సు పక్కనే నిలబడి మాటిమాటికీ బీపీ చూస్తూ, చెయ్యి ఎత్తమని, కాలు కదపమని అడుగుతూనే ఉంది. కొంతసేపటికి అత్త కుడి చేతి వేళ్లు కదిలాయి. నేను చూసింది నిజమో కాదో నమ్మలేక రామాంజిని పిలిచాను. ఆయన వేలు ఆమె అరచేతిలో పెడితే పట్టుకుంది. గట్టిగా కాదు, అయినా పట్టుకుంది. వదిన తలుపు దగ్గరి నుంచి చూసి, లోపలికొచ్చి, మంచం పట్టీ పట్టుకుని ఏడ్చింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. ఇక గండం గడిచినట్టేనని మేం ముగ్గురం అనుకున్నాం.

మధ్యాహ్నం దాటాక అత్త ఎడమ చేత్తో తల పట్టుకుంది. మొహం చిట్లించింది. తర్వాత వాంతి చేసుకుంది. పిలిస్తే కళ్లు తెరిచేది, వెంటనే మూసేది. డాక్టరమ్మ పరుగున వచ్చింది. మళ్లీ సీటీకి తీసుకుపోయారు. ఈసారి ఆమె బయటికి రాగానే ఏం చెప్పబోతోందో ఆమె నడకలోనే తెలిసిపోయింది.

"మెదడులో బ్లీడ్ అయింది. కర్నూలుకు పంపుతున్నాం. అంబులెన్సు రెడీ."

మా వదిన నా ముందుకొచ్చి నిలబడింది. కేకలు పెట్టలేదు. మెల్లగా చెప్పింది. "మా అమ్మను నువ్వే సంపినావు."

అంబులెన్సులో అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాను. మేము దాటిన ప్రతి ఊరిలో జనం మామూలుగా టీ తాగుతున్నారు, బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్లందరి మీదా నాకు కోపం వచ్చింది. రామాంజి వాళ్ల అమ్మ మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

కర్నూలులో ఐసీయూ లోపలికి రోజుకు ఒకరినే పంపేవాళ్లు. రక్తం మళ్లీ గడ్డకట్టడానికి ఏవో సంచులు ఎక్కించారు. ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేశారు. మొదట్లో ఆమె కళ్లు తెరవలేదు. నేను ఆవరణలో చాప మీద పడుకునేదాన్ని, లేచేదాన్ని, తలుపు దగ్గర నిలబడేదాన్ని. దేవుడికి మొక్కుకోబోతే ఏమని మొక్కాలో తెలిసేది కాదు. బతికించమని మొక్కుకుంటే ఎలా బతుకుతుందో అని భయం. తీసుకుపొమ్మని మొక్కుకోవడానికి నోరు రాలేదు.

ఒకరోజు రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరును ఆపి అడిగాను. "సార్, ఆ ఇంజెక్షన్ ఇప్పిచ్చి మేము తప్పు చేసినామా?"

ఆయన వెళ్లిపోతాడనుకున్నాను. ఆగాడు. "ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలీదమ్మా, మీకూ తెలీదు. టైమ్ లోపల వచ్చారు, స్కాన్‌లో రక్తం లేదు. అక్కడ నేనున్నా ఇవ్వమనే చెప్పేవాణ్ణి. బ్లీడ్ పెద్దది కాదు. పెరగకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. చూద్దాం."

ఆ "చూద్దాం"తోనే ఎన్ని రోజులు గడిచాయో. రక్తం పెరగలేదు. మెల్లగా అత్త కళ్లు తెరవడం మొదలుపెట్టింది. వార్డుకు మార్చారు. ఒక పొద్దున నేను ట్యూబులో పాలు పోస్తుంటే ఆమె ఎడమ చేత్తో నా చెయ్యి నెట్టి, "బేడ" అంది.

మాట వచ్చింది. కానీ ఏం మాటో నాకు అర్థం కాలేదు. నర్సు, "ఏదో గొణుగుతున్నారు, స్ట్రోక్‌లో అలాగే ఉంటుంది" అంది. అత్త మళ్లీ "బేడ" అంది. ఇంకేదో కూడా అంది. నేను "ఏమత్తా, ఏం కావాల?" అని తెలుగులో అడిగితే, నేనెవరో తెలియనట్టు చూసింది. రామాంజి బయటి నుంచి వచ్చి విని, కుర్చీలో కూలబడ్డాడు. "అది కన్నడం. వద్దంటాంది" అన్నాడు. ఆయనకు కూడా నాలుగైదు మాటలే వచ్చు. మిగతావి ఆయనకూ తెలియలేదు. మా ఇంట్లో కన్నడం బాగా వచ్చింది ఒక్క వదినకే. ఆమె అత్తగారి వీధిలో సగం మంది కన్నడం వాళ్లే.

ఆమె ఆదోనిలో అన్న మాట తర్వాత నాతో మాట్లాడలేదు. తమ్ముడికి ఫోన్ చేసి తల్లి సంగతి అడిగి పెట్టేసేది. నేనే ఫోన్ చేశాను.

"వదినా, అత్త మాట్లాడతాంది. నాకు అర్థం కాలే. నువ్వు రా."

"ఏం మాట్లాడతాంది?"

"కన్నడం."

ఆ రోజే వచ్చింది. మంచం పక్కన నిలబడగానే అత్త ఆమె మొహం చూసి "బంద్యా" అంది. వచ్చినావా అని. మా వదిన ఆ మంచం మీదికి వంగి తల్లి బుగ్గకు తన బుగ్గ ఆనించుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత డాక్టరు చెప్పారు. దీన్ని అఫేసియా అంటారట. మెదడులో మాట ఉండే చోట దెబ్బ తగిలితే రెండు భాషలు వచ్చిన వాళ్లకు కొందరికి చిన్ననాటి భాష ముందు తిరిగి వస్తుందట, కొందరికి వేరేగా ఉంటుందట. తెలుగు వస్తుందా అని అడిగితే, "మాట్లాడిస్తూ ఉండండి" అన్నారు.

ఇంటికి వచ్చాక కష్టం తగ్గుతుందనుకున్నాను. అక్కడే అసలు కష్టం మొదలైంది. కుడి కాలు కొంచెం కదిలేది, చెయ్యి ముడుచుకుపోయింది. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి కాలు వంచితే అరిచేది. గంటగంటకూ పక్కకు తిప్పినా నడుము దగ్గర పుండు పడింది. ట్యూబు తీసేశాక ఒకసారి జావ పొరపోయి జ్వరం వచ్చింది. న్యుమోనియా అన్నారు. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఆక్సిజన్. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే దుమ్ము పట్టి ఉండిపోయింది. వదిన తన ఇల్లు వదిలి మా ఇంట్లోనే ఉండిపోయింది. మేమిద్దరం ఒకే మనిషిని ఎత్తేవాళ్లం, తుడిచేవాళ్లం. అవసరానికి మించి ఒక మాట మాట్లాడుకునేవాళ్లం కాదు.

నేను కన్నడం నేర్చుకున్నాను. బేకు అంటే కావాలి. సాకు అంటే చాలు. నోవు అంటే నొప్పి. అంతకన్నా పెద్ద మాటలకు వదినే దిక్కు.

ఒక సాయంత్రం స్నానం చేయించి పడుకోబెడుతుంటే అత్త నా మొహంలోకి చూసి "సాకు. నన్న బిట్టుబిడు" అంది. నేను వదిన వైపు చూశాను. "నీళ్లు అడుగుతాంది" అంది వదిన. నీళ్లు తెచ్చాను. అత్త గ్లాసు నెట్టేసి గోడ వైపు తిరిగింది. ఆ మాటే మరో రెండుసార్లు విన్నాను. ప్రతిసారీ వదిన నీళ్లనే చెప్పింది. నీళ్లను వాళ్ల భాషలో కూడా నీరు అంటారని అప్పటికే నాకు తెలుసు.

ఖాజా అన్న బళ్లారికి బాడుగలకు పోతుంటాడు. ఆయనకు కన్నడం వచ్చు, అత్త అన్న ఆ మాటకు అర్థం ఏమిటని అడిగాను. ఆయన తల గోక్కున్నాడు. "ఎవరన్నార్మా ఆ మాట?" అన్నాడు. నేను చెప్పలేదు. ఆయనే ఇంటి వైపు చూసి అర్థం చేసుకున్నాడు. "సాలు, నన్నిడిసిపెట్టు అని."

ఇంట్లోకి వచ్చాను. వదిన పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతోంది.

"ఆమె అడిగింది నీళ్లు కాదు కదా వదినా."

ఆమె చెయ్యి ఆగింది. "నీకు సెప్తే నువ్వు గూడా సేతులెత్తేస్తావనుకొంటి. నువ్వు ఇడిసిపెడితే నేనొక్కదాన్నే ఏం సేసేది?" పెనం మీద రొట్టె మాడుతోంది. ఆమె తీయలేదు. "ఆ పొద్దు నిన్నట్ల అన్న్యానే, ఆ మాట నాకు ఇంగా గొంతులోనే ఉంది. నువ్వు ఇంజిషను వద్దనింటే నేను మా అమ్మను పసరుకు ఎత్తుకపోయి ఉంటి. ఏమయ్యుండేదో దేవునికెరుక."

నేను రొట్టె తీసి పక్కన పెట్టాను. ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం. ఓదార్చుకున్నామని చెప్పను. ఒకరి ఏడుపు ఒకరు చూశాం, అంతే.

తర్వాతి వారం చెకప్‌కు వెళ్లినప్పుడు ఈ మాట డాక్టరుకు చెప్పాలా వద్దా అని వెనకాడాను. వదినే చెప్పింది. ఆయన ఆశ్చర్యపోలేదు. "స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుంది. ముసలితనం అనుకుని ఎవరూ చెప్పరు. దీనికీ మందు ఉంది" అని ఒక మాత్ర రాశారు. అది పనిచేయడానికి వారాలు పట్టింది. ముందు నిద్ర కుదిరింది. తర్వాత రెండు ముద్దలు ఎక్కువ తింది. ఫిజియోథెరపీకి అరవడం తగ్గింది.

ఇప్పుడు మా అత్త నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని, పక్కన ఒకరుంటే వరండా దాకా నడుస్తుంది. కుడి చెయ్యి రాలేదు, ఇక రాదన్నారు. ఎడమ చేత్తో తింటుంది. సగం కింద పడుతుంది. తెలుగు తిరిగి వచ్చింది గానీ పేర్లు కలిసిపోతాయి, నన్ను వదిన పేరుతో, వదినను తన తల్లి పేరుతో పిలుస్తుంది. పగలు నిద్రపోతే ఊపిరి ఆడుతోందో లేదో ఇప్పటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వదిన ఆదోనికి వెళ్లిపోయింది, వారానికోసారి వస్తుంది. రామాంజి సీజన్లో కూడా ఆదివారం తప్పకుండా ఇంటికొచ్చి తనే తల్లికి గడ్డం కింద తుండు కట్టి అన్నం పెడతాడు.

ఆ రోజు ఒప్పుకోవడం మంచిదైందా అని చాలామంది అడుగుతారు. అత్త తన కాళ్ల మీద వరండాలోకి వచ్చిన రోజు మంచిదే అనిపిస్తుంది. నొప్పితో మూలిగే రోజు ఏమీ తోచదు. ఇంజెక్షన్ ఇప్పించని ఇళ్లలోనూ, ఇప్పించిన ఇళ్లలోనూ ఈ ప్రశ్న ఉండిపోతుందని ఆసుపత్రి వరండాల్లో కూర్చుని తెలుసుకున్నాను.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, మీకు దగ్గరలో సీటీ స్కాన్ ఉండి ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి ఏదో ఈరోజే కనుక్కోండి. ఫోన్ చేసి అడగండి, లేదా వెళ్లి అడగండి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మూతి వంకరపోయి మాట పడిపోయిన రోజు నేరుగా అక్కడికే తీసుకుపోండి. ఇవ్వాలా వద్దా అని డాక్టరుతో మాట్లాడుకోవడానికైనా ముందు టైమ్ మిగలాలి.